హెడ్‌ఫోన్లు కొనేముందు అవ్వ మాట వినిపించి చూద్దాం

పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

వాడరేవు స్టడీ రూముకి హెడ్‌ఫోన్లు కొనాలని చందా వేసుకున్న దగ్గర్నుంచి గ్రూపులో రెండు మాటలు వినపడతన్నాయి. ఉన్న డబ్బంతా పెట్టి పెద్ద కంపెనీది ఒకటే కొందాం, బయటి శబ్దాన్ని ఆపేసేది, వైరు లేనిది అని కొందరు. సేల్లో చవగ్గా వస్తన్నాయి, బేస్ బాగా కొట్టేవి ఆరేడు తెచ్చేద్దాం అని ఇంకొందరు. చీరాల, వేటపాలెం, స్టూవర్టుపురం వైపు నుంచి ఆ రూముకి వచ్చి కూర్చునే మేం ఐదుగురం దీని మీద మాట్లాడుకున్నాం. మాకు రెండూ నచ్చలేదు. చెవి మొత్తాన్ని కప్పే రకమే కావాలి, అందులో తేడా లేదు. కానీ వైరున్నవి, మధ్యరకం ధరవి, మూడు కొంటే చాలని మా అభిప్రాయం. ఆ మూడూ ఏవో నక్షత్రాలు, రివ్యూలు చూసి తేల్చొద్దు. కూర్చుని, పెట్టుకుని, విని తేల్చుకుందాం.

ముందు ఇవి ఎందుకో గుర్తు చేసుకుందాం. డీఎస్సీకి, గ్రూప్స్‌కి క్లాసులు వినడం ఒక పని. గంటల తరబడి ఒకే మాష్టారి గొంతు. రెండో పని, మన పెద్దోళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేసి, మళ్లీ మళ్లీ విని, తెలుగు అక్షరాల్లో రాయడం. ఎరుకల భాషకి సొంత లిపి లేదు. సుగాలీల గోర్ బోలీకీ లేదు. మొదటిది ద్రావిడ భాష, తమిళానికి దగ్గర. రెండోది రాజస్థానీ వైపు భాషల చుట్టం. యానాదుల మాట తెలుగే అయినా ఆ యాస, ఆ చేపల పేర్లు, పీతల పేర్లు బడి పుస్తకంలో దొరకవు. మా ఇళ్లల్లో పెద్దోళ్లు ఎరుకల మాటలో అడిగితే మేం తెలుగులో జవాబు చెప్పేస్తన్నాం. వందేళ్ల కిందట సాల్వేషన్ ఆర్మీ సెటిల్మెంటుగా మొదలైన స్టూవర్టుపురం గురించి పోలీసు కాగితాలు రాశాయి, సినిమాలు తీశారు. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది గానీ, మన గురించి వేరేవాళ్లు చెప్పడం మాత్రం ఆగలేదు. ఇప్పుడు మన ముసలోళ్ల నోటిమాట మనమే రాస్తన్నాం. ఒక్క అక్షరం తప్పుగా పడితే దిద్దేవాళ్లు ఇంకో పదేళ్లకి ఉండకపోవచ్చు. ఒక వస్తువు కొనే విషయం మీద ఇంత రాయడానికి కారణం అదే.

ఇక బేస్ సంగతి. మన మాటలో గట్టిగా వినపడేది అచ్చు, మాటకీ మాటకీ తేడా చూపించేది ఎక్కువగా హల్లు. స, శ, ట, త లాంటివి పలికేటప్పుడు పుట్టే సన్నటి శబ్దం చాలావరకు రెండు వేల హెర్ట్జ్ పైన, ఎనిమిది వేల దాకా ఉంటుంది. ల, ళ తేడా పట్టిచ్చేది కూడా రెండు మూడు వేల చుట్టుపక్కలే. కింది శబ్దాన్ని విపరీతంగా పెంచితే అది పైదాన్ని కప్పేస్తుంది. డప్పు పక్కన నిలబడి చెవిలో రహస్యం చెప్పినట్టే. పళ్లూడిన అవ్వ ‘స’ అందో ‘శ’ అందో ఎదురుగా కూర్చుంటేనే కష్టం, ఇక చెవి దగ్గర దిమ్మదిమ్మ కొడతంటే ఏం తెలుస్తుంది? సినిమా పాటకి ఆ మోత హుషారుగానే ఉంటుంది, కాదనం. మాలో ఇద్దరికి అదే ఇష్టం. కానీ చందా డబ్బులు పాటలకి వేసుకోలేదు గదా.

ఖరీదు ఎక్కువైతే శబ్దం బాగుంటుందనేది కూడా నమ్మాల్సిన పనిలేదు. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో 283 హెడ్‌ఫోన్లను కొలిచి చూశారు. ధరకీ, ఏ స్థాయి శబ్దాన్ని ఎంత బలంగా వినిపిస్తుందనే కొలతకీ సంబంధం కనపడలేదు. డబ్బు ఎక్కువ పెడితే పేరు, పెట్టె, ఫీచర్లు రావచ్చు. మాట స్పష్టత వస్తుందో లేదో విని చూసుకోవాల్సిందే.

ఎట్లా వినాలి? మేం అనుకున్న పద్ధతి ఇది. రికార్డయిన మన సొంత గొంతు మనకే వింతగా ఉంటుంది, ఎందుకంటే మామూలుగా మన మాట ఎముకల గుండా కూడా మనకి చేరుతుంది. అందుకని వేరే మనిషి గొంతు కావాలి. అవ్వనో తాతనో కూర్చోబెట్టి రెండు నిమిషాలు మాట్లాడించి రికార్డు చేద్దాం. ఆ మనిషి అక్కడే ఉండగానే హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ రెండు నిమిషాలూ విందాం. తీసేసి మళ్లీ మాట్లాడిద్దాం. పక్కనున్న మనిషే చెవిలో కూడా ఉన్నాడా, లేక పీపాలోంచి మాట్లాడతన్నాడా, జలుబు చేసినట్టున్నాడా అనేది ఎవరికైనా తెలిసిపోతుంది. దీనికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

రెండో పరీక్షకి వాడరేవుని మించిన చోటు లేదు. ఒడ్డున అలను రికార్డు చేయండి. అల విరిగేటప్పుడు కింద బరువైన మోత ఉంటుంది, నురగ ఇసుక మీదికి పాకేటప్పుడు పైన ‘స్స్’మని సన్నటి శబ్దం ఉంటుంది. అన్ని స్థాయిల శబ్దమూ ఒక్క అలలోనే ఉంది. హెడ్‌ఫోన్లలో మోత మాత్రమే వినపడి నురగ మాయమైతే పైభాగం లేనట్టు. నురగ చెవిలో సూదిలా గుచ్చుకుంటే పైభాగం ఎక్కువైనట్టు, దానితో గంట సేపు క్లాసు వింటే తల పగులుతుంది. సముద్రం పక్కన పెరిగినోళ్లకి ఈ తేడా ఒకరు చెప్పాలా?

ఒక జాగ్రత్త మాత్రం చాలామంది వదిలేస్తారు. రెండు జతల్ని పోల్చేటప్పుడు రెంటి వాల్యూమూ సమానంగా ఉండాలి. కొంచెం గట్టిగా వినపడేదే మంచిదని చెవి మోసపోతుంది, అందరి చెవీ అంతే. ఫోన్లో ఈక్వలైజరు, బేస్ బూస్టు లాంటివన్నీ ఆపేసి వినాలి.

శబ్దం సగమే. మిగతా సగం సుఖం, మా లెక్కలో అదే ముందు. వాడరేవులో మే నెల ఉక్క మీకు తెలుసు. చెవిని మూసేసే కప్పులో పావుగంటకే చెమట కారుతుంది. రెగ్జిన్ లాంటి కుషన్లు చెమటకీ ఉప్పు గాలికీ పొరలు పొరలుగా ఊడి మెడ మీద నల్లగా అంటుకుంటాయి. గుడ్డ కుషన్లు చల్లగా ఉంటాయి గానీ శబ్దం కొంచెం బయటికి పోతుంది, బేస్ తగ్గుతుంది. మన పనికి అది నష్టం కాదు. కప్పు లోపల చెవి మొత్తం పట్టాలి, చెవి అంచు లోపలి గుడ్డకి తగలకూడదు. తగిలితే మొదట ఏమీ అనిపించదు, అరగంటకి మంట మొదలవుతుంది. అందుకే అంగట్లో రెండు నిమిషాలు పెట్టుకుని బాగుంది అనేస్తే చాలదు. కనీసం ఒక క్లాసు మొత్తం విని చూడాలి.

కళ్లద్దాలున్నవాళ్లు, కమ్మలు జుంకీలు పెట్టుకునే చెల్లెళ్లు, పెద్ద జడ ఉన్నవాళ్లు తప్పకుండా పెట్టుకుని చూడాలి. కళ్లద్దాల కాడ సందు చేస్తే కుషను అతుక్కోదు, అదే హెడ్‌ఫోన్లు ఆ మనిషికి పలచగా వినపడతాయి. అప్పుడు ఇద్దరు ఒకే వస్తువు గురించి పోట్లాడుకుంటారు, ఇద్దరూ నిజమే చెప్తంటారు. బరువు 250 గ్రాములు దాటకపోతే మేలు. కొత్తల్లో కణతలు నొక్కేస్తంటే రాత్రంతా పుస్తకాల దొంతికి తొడిగి ఉంచితే కొంచెం వదులవుతాయి. పదిమంది వాడే వస్తువు కాబట్టి పెట్టుకునేముందు కుషన్లు పొడిగుడ్డతో తుడవాలి, చెవిలో చీము ఉన్నవాళ్లు తగ్గేదాకా ఆగాలి.

బయటి శబ్దం ఆపేవి ఎందుకు వద్దంటన్నామంటే, అవి ఫ్యాను, బస్సు ఇంజను లాంటి ఒకే తీరుగా సాగే మోతని బాగా తగ్గిస్తాయి. పక్క బెంచీ కబుర్లని అంతగా ఆపలేవు. మన రూము గొడవ కబుర్లదే. పైగా వైరు లేనివాటిలో శబ్దం కొంచెం ఆలస్యంగా చేరుతుంది. వీడియో చూసేటప్పుడు తెలియకపోవచ్చు గానీ, రికార్డు చేస్తా చెవిలో వినాలంటే మన మాట మనకే ఆలస్యంగా వచ్చి నాలుక తడబడుతుంది. బ్యాటరీ కొన్నేళ్లకి చచ్చిపోతుంది, మార్చుకోవడం తేలిక కాదు. వైరు తెగితే చీరాలలో రిపేరు చేసే షాపులో అతికిస్తారు.

వాల్యూము గురించి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైము సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే ఐదే. చెవి బాగా మూసుకునే కప్పులైతే వాల్యూము తగ్గించినా మాట తెలుస్తుంది. గ్రూప్స్ కోసం రెండేళ్లు వినాల్సిన చెవులు ఇవి.

వచ్చే ఆదివారం పొద్దున, ఎండ ఎక్కకముందే, ఎవరి దగ్గర ఏ హెడ్‌ఫోన్లు ఉంటే అవి తీసుకుని రూముకి రండి. పాతవైనా పర్లేదు, బంధువులవి అడిగి తెచ్చినా పర్లేదు. అవ్వని తీసుకొచ్చే పని మాది. కొన్ని ఫోన్లకి గుండ్రటి పిన్ను రంధ్రం ఉండదు, టైప్-సి కనెక్టరు ఉన్నవాళ్లు మర్చిపోవద్దు. ఏది నచ్చినా సరే, దానికి కుషన్లు విడిగా దొరుకుతాయో లేదో కనుక్కోకుండా డబ్బు మాత్రం కట్టొద్దు. మన ఊళ్ల చెమటకి ముందు పోయేది అవే.