పిడికెడు బియ్యం – పొరుగువాని ప్రార్థనా మందిరం

ఒక ఆదివారం ఉదయం మీ ఇంట పూజ ముగిసింది. హారతి పళ్లెం ఇంకా చల్లారలేదు. ఇంతలో వీధి తలుపు దగ్గర మీ పొరుగువాడు వచ్చి నిలిచాడనుకోండి. చేతిలో రసీదు పుస్తకం. క్రైస్తవ గురువులను తీర్చిదిద్దే వేదాంత కళాశాలలో కొత్త ప్రార్థనా మందిరం కట్టదలచారనీ, మీకు తోచినది ఇమ్మనీ అడుగుతున్నాడు. వినాయక చవితి పందిరికి మీరు చందా అడిగితే ఏనాడూ కాదనని మనిషి అతడు. ఏమి చేస్తారు?

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ చెంతనున్న రెజిమెంటల్ బజార్ వంటి చోట ఇది కేవలం ఊహ కాదు. 1798 నాటి ఒప్పందంతో కుంఫిణీ సైన్యం ఇక్కడ విడిది చేసింది. 1806లో సికందర్ జా పేరిట ఊరు వెలసింది. పటాలాల వెంట సిపాయిలు, బోయీలు, వర్తకులు, వంటవారు వచ్చారు. ఎవరి దైవాన్ని వారు వెంట తెచ్చుకున్నారు. ఇక్కడికి దగ్గరలోనే కొలువై ఉన్న ఉజ్జయిని మహంకాళి అమ్మవారి కథ మీకు తెలియనిది కాదు. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా, కలరా తగ్గితే సికింద్రాబాద్‌లో అమ్మను నిలుపుతానని మొక్కుకున్నాడు. 1815లో కొయ్య విగ్రహం తెచ్చి ప్రతిష్ఠించాడు. రాజు కట్టించిన గుడి కాదది, బోయీ మొక్కు. నేడు లక్షలాది మంది బోనం ఎత్తేది ఆ మొక్కు నిలిచిన చోటనే.

ఇక వేదాంత కళాశాల అంటే ఏమిటో కొంత చెప్పుకోవాలి. మన వేద పాఠశాల విద్యార్థికి మంత్రం కంఠస్థమైతే చాలదు. అగ్ని ముందు కూర్చుని, స్వరం తప్పితే గురువు చేత దిద్దించుకోవాలి. చర్చి గురువు కాబోయేవాడికీ అంతే. తరగతి గదిలో చదివినదాన్ని నలుగురి ముందు ప్రార్థనగా పలకడం నేర్చుకునే తావు కళాశాలలోని మందిరం. హైదరాబాద్‌లో దిగువ ట్యాంక్‌బండ్ వద్ద గాంధీనగర్‌లో ఉన్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను చూడండి. 1964లో రాజమండ్రిలో మొదలై, 1973లో అక్కడికి తరలివచ్చింది. బాప్టిస్టులు, లూథరన్లు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా సంఘంవారు కలిసి నడుపుకునే విద్యాలయం. ఒకరి ఆరాధన తీరు మరొకరికి కొత్త. అటువంటి చోట అందరూ ఒక్క కప్పు కింద చేతులు జోడించడమే ఒక చదువు. (ఆ కళాశాల ఇప్పుడు చందాలు వసూలు చేస్తున్నదని మా భావం కాదు. పోలికకు చెప్పాము.)

మీ మనసులో మెదిలే సంశయం మాకు తెలుసు. ఇచ్చిన రూపాయి మతమార్పిడికి పోదా? పరధర్మానికి ఊతమిచ్చినట్టు కాదా? ఈ సంశయాన్ని తేలికగా తీసివేయము. స్వధర్మం మీద మమత గలవారికే అది కలుగుతుంది. అయితే మనం తరచుగా చేసే ఆక్షేపణ మరొకటి ఉన్నది: చర్చిలు విదేశీ సొమ్ముతో లేస్తున్నాయని. సరే. ఆ సొమ్ముకు చేయి చాపకుండా ఒకడు వచ్చి మన తలుపు తట్టితే, ఆ తలుపు కూడా వేసుకుంటే మన ఆక్షేపణకు విలువ ఏమున్నది?

ఈ మాటకు డోర్నకల్ మంచి సాక్ష్యం. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు. ఆయన సంఘంలో ఎక్కువ మంది మాల మాదిగ కూలీ కుటుంబాలవారు. (ఆనాడు మన గుడి గడపలు వారికి మూసి ఉండేవి, ఈ మాట మరచి ఆ చరిత్ర చెప్పకూడదు.) పూట గడవని ఆ ఇళ్ల నుంచే సంఘం తన ఖర్చు తాను భరించాలని అజరయ్య పట్టుబట్టాడు. ఇల్లాలు వంటకు బియ్యం తీసేటప్పుడల్లా ఒక పిడికెడు దేవుని కోసం వేరే కుండలో వేసేది. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ పెద్ద చర్చిని చూసినవారు ఆ స్తంభాల నడుమ నిలబడితే, మన దేవాలయ మండపంలో ఉన్నామా అనుకుంటారు. పైన గుమ్మటాలు మాత్రం మసీదును తలపిస్తాయి.

పిడికెడు బియ్యం అనగానే మన ఇళ్లలో పెద్దవారికి కంచి పరమాచార్యులు గుర్తుకు వస్తారు. శ్రీ చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామివారు గృహిణులకు చెప్పినదీ ఇదే: వంటకు ముందు గుప్పెడు బియ్యం, ఒక నాణెం తీసిపెట్టండి, ఆ బియ్యం ఊరి గుడిలో నైవేద్యమై పేదవాని ఆకలి తీర్చాలి. డోర్నకల్ కూలి ఇల్లాలు, కంచి స్వామివారి మాట విన్న గృహిణి ఒకరినొకరు ఎరుగరు. కుండ మాత్రం ఒకటే.

ఇక పరధర్మం మాట. తిరుమల శ్రీవారి నైవేద్యాల్లో మన్రో గంగాళం ఉన్నదని భక్తులకు తెలుసు. దత్తమండలాల కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో క్రైస్తవుడు. శ్రీవారికి ఆ నైవేద్యం ఆయన ఏర్పాటని సంప్రదాయం చెబుతున్నది. ఇచ్చినందుకు ఆయన మతం మారలేదు. పుచ్చుకున్నందుకు స్వామివారి ఆచారమూ చెడలేదు.

కనుక మా అభిప్రాయం ఇది: ఇవ్వవచ్చు. ఇష్టం లేకపోతే మానవచ్చు, కాని గుమ్మంలో నిలబెట్టి మతచర్చ పెట్టకండి. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఇప్పుడు వీలుకాదని చెప్పి పంపండి. ఇచ్చేవారు మాత్రం అడగవలసినవి అడగాలి. స్థలం ఎవరిది, అంచనా ఎంత, కళాశాలవారు, అందులో చదివి వెళ్లినవారు తమ వంతుగా ఎంత వేసుకున్నారు, లెక్క ఎవరికి చూపుతారు? ఇందులో మొహమాటం పనికిరాదు. భద్రాద్రి రామయ్య గుడికే లెక్కల చిక్కు వచ్చి, గోపన్న గోల్కొండ చెరసాలలో మగ్గవలసి వచ్చింది! గుడి చందాకు వచ్చినవారినీ ఇదే అడగండి. మనవారు కదా అని వదిలేయకండి.

చేతిలో డబ్బు ఆడని నెలాఖరు అయితే, ఎత్తిపెట్టిన బియ్యం తీసుకుంటారా అని ఆ పొరుగువానిని అడిగి చూడండి. పునాది తవ్వే కూలీలకు మధ్యాహ్నం అన్నం వండాలి గదా.