తొలి వ్యాసం, తొలి సాక్ష్యం

అన్నవరంలోని ఒక ముస్లిం ఇంట, ఆరో తరగతి చదివే బిడ్డను ‘మా ఊరు’ అన్న అంశంపై వ్యాసం రాయమన్నారనుకుందాం. మనం వెంటనే గైడు తెరుస్తాం. రత్నగిరి, పంపానది, చెన్నై–హౌరా రైలు మార్గం అంటూ నాలుగు పేరాలు చెప్పి రాయిస్తాం. మార్కులు వస్తాయి. కాని ఆ వ్యాసంలో బిడ్డ ఎక్కడా కనిపించదు. ఫజ్ర్ నమాజు వేళ తాను చూసిన వీధి, కొండకు సాగే యాత్రికుల సందడి, ఇఫ్తారులో ఖర్జూరాలు పంచుకున్న పొరుగింటి నేస్తం గైడులో ఉండరు కదా!

ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డ తెలుగులో రాయగలదా అన్న బెంగ కొందరిది. అదే రైలు మార్గంలోని పిఠాపురంలో 1885లో జన్మించిన ఉమర్ ఆలీషా తెలుగులో పద్యాలు, నాటకాలు రచించారు. తెలుగు మనకు పరాయి భాష కాదు.

దివ్యఖుర్ఆన్ తొలి అవతరణలోనే పఠనం, కలం ప్రస్తావనకు వచ్చాయి (96:1–5). తమకు వ్యతిరేకమైనా సరే, అల్లాహ్ కొరకు సాక్షులుగా నిలవాలని విశ్వాసులకు ఆదేశం ఉంది (4:135). చూడనిదాన్ని చూసినట్లు రాయించడం బిడ్డకు అబద్ధపు సాక్ష్యం నేర్పడమే.

కనుక ఈసారి గైడు మూసి, “నువ్వేం చూశావమ్మా?” అని అడుగుదాం. అక్షరదోషాలు తరువాత దిద్దుకోవచ్చు. అల్లాహ్ మన బిడ్డల కలాలకు సత్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.