పేరుచీటీ పిల్లలచేతనే వ్రాయించండి

జూన్ మాసం ప్రవేశించగానే పుస్తకాల దుకాణాల ముందు తల్లిదండ్రులు బారులు తీరుతారు. నోటు పుస్తకాలు, అట్టలు వేయటానికి గోధుమరంగు కాగితాలు, వాటితోపాటు పేరు వ్రాసుకొనే స్టిక్కర్లు. వెనుక పొర ఊడదీసి అద్దితే సరి. ఇప్పుడు పేరు కూడ మనం వ్రాయనక్కరలేదు. బిడ్డ పేరు, తరగతి చెబితే అచ్చువేసి ఇస్తున్నారు. మా మనుమరాలికి అటువంటివి నలభై వచ్చాయి. ఒక మూల బొమ్మల సినిమాలోని పిల్లి, ప్రక్కన ఆంగ్లంలో పేరు. అందంగానే ఉన్నాయి. అయినా నా మనస్సుకు ఏదో వెలితి తోచింది. ఆ వెలితి ఏమిటో చెప్పుకోవటానికే ఈ నాలుగు మాటలు.

స్టిక్కరును నేను 'అంటుచీటీ' అంటాను. 'అంటు' అనగానే కొందరికి అంటురోగం గుర్తుకు వచ్చి నొసలు చిట్లిస్తారు. అంటుమామిడిలో ఉన్నదీ ఆ 'అంటే' గదా! రెండు మొక్కలను ఒకటి చేసి తీయని ఫలం రాబట్టే విద్యకు మన రైతు పెట్టుకొన్న పేరది. బిడ్డను పుస్తకానికి అంటుకట్టేది పేరుచీటీ అని నా భావన.

1980ల చివర నేను పల్లెటూరి బడిలో పనిచేస్తున్న రోజులలో ఒక పిల్లవాడు ఆరవ తరగతిలో చేరాడు. వాని తల్లి తెల్లకాగితాన్ని నలుచదరంగా కత్తిరించి, అన్నం మెతుకులతో ప్రతి పుస్తకానికీ శ్రద్ధగా అంటించి పంపింది. చీటీలన్నీ ఖాళీ. ఇంట్లో వ్రాయగలవారు లేరు. పిల్లవాడు పుస్తకాలు నా ముందు పెట్టి, "మీరు రాయండి సార్" అన్నాడు. కలం తీశాను. ఎందుకో ఆగి, కలం వాని చేతికే ఇచ్చాను. ఇంటిపేరులోని సంయుక్తాక్షరం దగ్గర తడబడ్డాడు. పలకమీద వ్రాసి చూపించాను. ఆరు పుస్తకాలకు ఆరుసార్లు వ్రాశాడు. మొదటిది వంకరగా ఉంది, ఆరవది కుదిరింది. ఆ సాయంత్రం వాడు పుస్తకాలను సంచిలో పెట్టుకోలేదు, చీటీలు అందరికీ కనబడేటట్లు గుండెలకు హత్తుకొని వెళ్ళాడు. దుకాణంలో కొన్న చీటీ ఆ పని చేయగలదా?

మా మనుమరాలి పేరు వాణి. ఆంగ్లాక్షరాలలో సాధారణంగా వ్రాసే తీరులో అది వాణియో, వనియో తెలియదు. సరస్వతి అడవి అయిపోయినా అడిగేవారు లేరు! తెలుగులో వ్రాయమంటే ఆ పిల్ల 'వాని' అని వ్రాసింది. తప్పు పిల్లది కాదు. ప్రతిరోజూ కంటికి కనబడే చోట తన పేరును 'ణ'కారంతో ఒక్కసారైనా చూపించని మనదే.

అందుకని ఇద్దరం కూర్చొని చీటీలు చేశాము. పని చాల సులువు. చెంచాడు మైదాను కొద్దిగా చన్నీళ్ళతో ఉండలు లేకుండా కలిపి, మరి నాలుగైదు చెంచాల నీళ్ళు పోసి, సన్నని సెగమీద తిప్పుతూ ఉండాలి. పిండిలోని గంజిపదార్థం వేడికి నీటిని పీల్చుకొని ఉబ్బి చిక్కబడుతుంది. అదే లై. పలుచగా పూయాలి, మందమైతే కాగితం ముడతలు పడుతుంది. అంటించాక ఆరేదాకా పైన బరువు పెట్టాలి. పూర్వం పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లలున్న ఇంట వద్దు. ఏ పూటకు ఆ పూట కాచుకొంటే చాలు.

ముందే చేసి దాచుకోవాలంటే తుమ్మబంక మేలు. రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఉదయం గుడ్డలో వడగట్టి, పెళుసుబారి పగలకుండా చిటికెడు చక్కెర కలిపి, కాగితం వెనుక పూసి నీడన ఆరబెట్టాలి. కావలసినప్పుడు తడిచేసి అంటించుకోవచ్చు. 1840లో ఇంగ్లండులో వచ్చిన తొలి తపాలాబిళ్ళ వెనుకా ఇటువంటి జిగురుపూతే ఉండేది. పొర ఊడదీసి అంటించే చీటీలను అమెరికాలో స్టాంటన్ ఏవరీ 1935లో ప్రవేశపెట్టాడు.

మా తొలి ప్రయత్నం అభాసుపాలైంది. సిరాతో వ్రాసిన అక్షరాలు జిగురు తడికి అలుక్కుపోయాయి. "తాతయ్యా, కొన్నవే నయం" అన్నది మా వాణి. మరునాడు బాల్‌పెన్నుతో మళ్ళీ వ్రాసింది. ఈసారి నిలిచాయి.

ఉద్యోగాలకు పరుగులు తీసే తల్లులకు లై కాచే తీరిక ఎక్కడిదని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వానకు కొన్నవే గట్టిగా నిలుస్తాయి, కాదనను. నేను నలభై పుస్తకాలకూ చేయమనటం లేదు. ఒక్క తెలుగు పుస్తకానికి చాలు. తీరిక లేకపోతే కొన్న ఖాళీ చీటీయైనా సరే. పేరు మాత్రం బిడ్డ తన చేతితో, తన లిపిలో వ్రాసుకోవాలి. వంకరగా వ్రాస్తే వ్రాయనివ్వండి, మీరు దిద్దకండి. వచ్చే జూన్‌లో వ్రాసిన చీటీని దీని ప్రక్కన పెట్టి చూడండి. ఏడాది చదువు ఎంత ముందుకు సాగిందో ఆ రెండు చీటీలే చెబుతాయి.