రాయిని తిప్పినవాళ్లు... రాతను తుడిచేసేవాళ్లు

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి మహాస్తూపం నుంచి వెళ్లిన ఓ సున్నపురాయి పలక ఉంది. దాని ఒక ముఖం మీద క్రీ.పూ. 1వ శతాబ్దపు శిల్పం... బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దానికి మొక్కుతున్న భక్తులు. మూడు వందల ఏళ్లు గడిచాక, క్రీ.శ. 3వ శతాబ్దంలో, శిల్పులకు అదే రాయి మళ్లీ అవసరమైంది. వాళ్లు పాత బొమ్మను చెక్కెయ్యలేదు. పలకను వెనక్కి తిప్పి అటువైపు స్తూపం బొమ్మ చెక్కారు. అలా రెండు కాలాల పనితనమూ మిగిలింది.

మన ఇంట్లో కంప్యూటరు మాత్రం తనంతట తాను పలకను తిప్పదు!

ఏ ప్రోగ్రామూ ఫైలును నేరుగా ముట్టుకోదు. తెరిచిపెట్టమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. అడిగేటప్పుడే ఎందుకు తెరుస్తోందో కూడా చెప్పాలి. యూనిక్స్, లినక్స్ కుటుంబంలో ఈ షరతులను ‘ఫ్లాగ్స్’ అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ లినక్స్ కెర్నెలే కాబట్టి ఇవి మన జేబులోనూ ఉన్నట్టే.

‘రీడ్ ఓన్లీ’ అంటే మ్యూజియంలో సందర్శకుడి లాంటిది. చూడొచ్చు, ఉలి పెట్టకూడదు. ‘అపెండ్’ అంటే చిట్టా పుస్తకం. పాత పద్దుల జోలికి పోకుండా ఏం రాసినా చివర్లోనే చేరుతుంది. ‘క్రియేట్’ అంటే ఆ పేరుతో ఫైలు లేకపోతే కొత్తది పుట్టించమని. దానికి ‘ఎక్స్‌క్లూజివ్’ తోడైతే, ఆ పేరుతో ఇదివరకే ఫైలుంటే పని అక్కడే ఆగిపోతుంది. రెండు ప్రోగ్రాములు ఒకే పేరుతో ఒకేసారి వచ్చినా ఒక్కదానికే ఫైలు దక్కుతుంది.

అసలు ప్రమాదమంతా ‘ట్రంకేట్’తోనే. రాయడానికి తెరిచిన ఫైలుకు ఈ షరతు పెడితే తెరిచిన క్షణంలోనే అందులోని పాత రాతంతా పోతుంది. కొత్త అక్షరం ఒక్కటీ పడకముందే ఫైలు సున్నా అవుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే? పాతదీ లేదు, కొత్తదీ లేదు.

1971 నాటి మొదటి యూనిక్స్‌లో కొత్త ఫైలు పుట్టించే ఆదేశం పేరు ‘క్రియేట్’. ఆ పేరుతో ఇదివరకే ఫైలుంటే, అది పుట్టించేది ఏమీ లేదు... ఉన్నదాన్ని ఖాళీ చేస్తుంది! ఆ ఆదేశం ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో చివరి ‘ఇ’ అక్షరం లేదు. యూనిక్స్‌ను మళ్లీ తయారుచేస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ‘ఇ’ని చేరుస్తానన్నారట దాని సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్.

మరి దీనికి విరుగుడు? జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములు అమరావతి శిల్పుల్లాగే చేస్తాయి. పాత ఫైలును ముట్టుకోకుండా పక్కన వేరే పేరుతో కొత్త ఫైలు రాస్తాయి. అది డిస్కు మీదికి పూర్తిగా చేరాకే దానికి పాత పేరు పెడతాయి. మధ్యలో కరెంటు పోయినా పాతదో కొత్తదో, ఏదో ఒకటి నిండుగా ఉంటుంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ ఉంది. ‘ఈ పేరుతో ఫైలు ఉంది, దాని స్థానంలో పెట్టాలా?’ అని కంప్యూటరు అడిగితే చూడకుండా ‘ఎస్’ నొక్కొద్దు. పెళ్లి ఫొటోలైనా, పొలం కాగితాలైనా పేరు చివర తేదీ చేర్చి వేరేగా దాచుకోవాలి. మరో నకలు వేరేచోట ఉంచుకోవాలి.

నకలు విలువ అమరావతికి బాగా తెలుసు. అక్కడి పలకలు ఎన్నో సున్నం బట్టీల పాలయ్యాయి. 1816లో రెండోసారి వచ్చిన కల్నల్ కాలిన్ మెకంజీ తన బృందంతో ఆ శిల్పాల బొమ్మలు గీయించారు. తరవాత మాయమైన కొన్ని పలకలు ఇప్పుడు ఆ కాగితాల మీదే కనిపిస్తాయి.