గాయకుడు వెళ్లాక బ్యాండ్ ఎవరిది?

చౌరస్తా బ్యాండ్ నుంచి రామ్ మిరియాల బయటికొచ్చి ఏళ్లు గడిచినా, ఆ బ్యాండ్ పేరెత్తగానే వచ్చే మొదటి ప్రశ్న మారలేదు. రామ్ లేని చౌరస్తా ఏం చౌరస్తా? జానపదాన్నీ రెగ్గేనూ రాక్‌నూ కలిపి, మనం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో పాటలు కట్టిన హైదరాబాద్ బృందం అది. 2020లో కరోనా మొదటి లాక్‌డౌన్ రోజుల్లో జాగ్రత్తలు చెబుతూ రామ్ పాడిన పాట, బ్యాండ్ అంటే ఏమిటో తెలియని ఇళ్లకు కూడా చేరింది. ఆ తర్వాత ఆయన సొంత దారి పట్టారు. యశ్వంత్ నాగ్, మిగతా సభ్యులు బ్యాండ్‌ను నడుపుతూ వచ్చారు. అభిమానుల వాదన అప్పటినుంచీ రెండు కొసల మధ్య ఊగుతోంది. రామే చౌరస్తా, ఆయన వెళ్లాక అక్కడ మిగిలింది పేరు మాత్రమే అని ఒక పక్షం. సినిమా కోసం తనను నిలబెట్టిన బృందాన్ని విడిచిపెట్టాడని రెండో పక్షం. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు మాటల అడుగున ఉన్న నమ్మకం ఒక్కటే: బ్యాండ్ అంటే పాడే గొంతు. ఆ నమ్మకం తప్పని, అది తెలుగు బ్యాండ్లకు చేసే నష్టం గాయకుడు వెళ్లిపోవడం వల్ల కలిగే నష్టం కంటే పెద్దదని నా వాదన.

ఇలాంటి తగవుల్లో ప్రోగ్రెసివ్ రాక్ అభిమానులకు అర్ధ శతాబ్దపు అనుభవం ఉంది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అనే కొలతను పక్కనపెట్టి, తాళాలు మార్చుకుంటూ ఒకే పాటను పది, ఇరవై నిమిషాలు నడిపే సంగీతం అది. గొంతు వినిపించని భాగాలే అందులో చాలా ఎక్కువ. అయినా గాయకుడు తప్పుకున్న ప్రతిసారీ బ్యాండ్ పని అయిపోయిందనే అనుకున్నారు. ఇంగ్లండ్ బ్యాండ్ జెనెసిస్‌కు పీటర్ గేబ్రియల్ ముఖం లాంటివాడు. ముసుగులు, వింత వేషాలతో వేదిక మీద కథలు చెప్పేవాడు. అప్పుడే పుట్టిన కూతురి ప్రాణాల మీదికి రావడం, బ్యాండ్ పని ఒత్తిడి, లోపలి ఘర్షణలు అన్నీ కలిసి, 1974 చివర్లో అమెరికా పర్యటన ఆరంభంలోనే తాను వెళ్లిపోతానని సహచరులకు చెప్పాడు. చెప్పిన తర్వాత కూడా ఒప్పుకున్న కచేరీలన్నీ 1975 మే దాకా పాడాడు. ఆగస్టులో సంగతి బయటికి పొక్కగానే సంగీత పత్రికలు జెనెసిస్ భవిష్యత్తు మీద ఆశ వదులుకున్నాయి. బ్యాండ్ ఎందరెందరినో పాడించి చూసింది, ఎవరూ కుదరలేదు. చివరికి డ్రమ్స్ వాయించే ఫిల్ కాలిన్సే మైకు అందుకున్నాడు. 1976 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్’ బ్రిటన్ జాబితాలో మూడో స్థానానికి ఎక్కింది.

కాలిన్స్ గొంతు ఎంత బాగుందన్నది ఇక్కడ అసలు విషయం కాదనిపిస్తుంది. అంతవరకు జెనెసిస్ ఆల్బమ్‌ల మీద ప్రతి పాటా అందరూ కలిసి చేసినట్టే అచ్చయ్యేది. ఎవరు ఏ పాట కట్టారో విడిగా చెప్పకపోవడంతో, పాడేవాడే రాస్తున్నాడని, వాడే కడుతున్నాడని జనం అనుకున్నారు. కీబోర్డ్ దగ్గర కూర్చున్న టోనీ బ్యాంక్స్, బేస్ గిటార్ పట్టుకున్న మైక్ రూథర్‌ఫర్డ్ ఎన్నేళ్లుగా ఎంత పని చేశారో ఎవరికీ తెలియలేదు. గేబ్రియల్ వెళ్లాక వచ్చిన ఆల్బమ్‌లో మొదటిసారి ఏ పాట ఎవరిదో పేర్లు వేశారు. అందరి పేరూ ఉమ్మడిగా వేయడం పైకి ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. కానీ ఆ ఉమ్మడి పేరు వెనక ఎవరున్నారో తెలియనప్పుడు వినేవాడు తనకు కనిపించే ముఖానికే మొత్తం అంటగడతాడు. ఆ ముఖం వెళ్లిపోయిన రోజు మిగిలినవాళ్లు అనామకులై నిలబడతారు. అభిమాని వారిని కొత్తవాళ్లను చూసినట్టు చూస్తాడు, పాత పాట కట్టింది వాళ్లేనని తెలియకుండానే.

దీనికి ఎదురుమాట బలమైనదే, అదీ జెనెసిస్ దగ్గరే ఉంది. 1996లో కాలిన్స్ కూడా తప్పుకున్నాడు. రే విల్సన్ అనే కొత్త గాయకుడితో బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్ 1997లో ఒక ఆల్బమ్ చేశారు. అది అమెరికాలో నిలవలేదు, అక్కడి పర్యటన రద్దయింది, బ్యాండ్ మౌనంలోకి వెళ్లిపోయింది. పాటలు కట్టేవాళ్లు ఉన్నా బ్యాండ్ నిలవలేదు కదా, గొంతే ముఖ్యమని తేలింది కదా అని ఎవరైనా అడగవచ్చు. గొంతు ముఖ్యం కాదని నేను అనడం లేదు. అయితే 1975లో జెనెసిస్‌ను కాపాడిన గొంతు బయటినుంచి తెచ్చుకున్నది కాదన్న సంగతి మరిచిపోకూడదు. కాలిన్స్ అప్పటికే ఐదేళ్లుగా ఆ పాటల లోపల ఉన్నాడు, తాళం అతనిదే. 1997కు వచ్చేసరికి పోయింది గాయకుడొక్కడే కాదు, బ్యాండ్‌లో పాటలు కట్టే ముగ్గురిలో ఒకడు, దాని డ్రమ్మరు కూడా. ఆ లోటును ఒక మంచి గొంతుతో పూడ్చాలని చూస్తే పూడలేదు. కనుక ఎవరైనా వెళ్లినప్పుడు వినేవాళ్లు అడగవలసింది గొంతుతో పాటు ఇంకేం వెళ్లిందని.

తెలుగులో మనం ఆ ప్రశ్న అడగకపోవడానికి కారణం సినిమా. మన చెవికి పాట అంటే గాయకుడు. ఆ తర్వాత సంగీత దర్శకుడు, కాస్త శ్రద్ధ ఉంటే రచయిత. ఘంటసాల 1974లో కన్నుమూసినప్పుడు, బాలసుబ్రహ్మణ్యం 2020లో కన్నుమూసినప్పుడు తెలుగు ఇళ్లు పడిన దుఃఖం నిజమైనది. కానీ ఆ పాటలకు ప్రాణం పోసిన వీణ, వేణువు, తబలా ఎవరివో ఆ ఇళ్లలో ఎంతమందికి తెలుసు? ఉద్యమం నుంచి సినిమాలోకి వచ్చిన పాటకూ ఇదే తంతు. ‘మా భూమి’లో గద్దర్ పాడిన పాట తెలంగాణ అంతా గద్దర్ గొంతుతోనే గుర్తుంది. సాయుధ పోరాట కాలంలో దాన్ని కట్టిన బండి యాదగిరి పేరు తెలిసినవాళ్లు తక్కువ. ‘భీమ్లా నాయక్’ కోసం తమన్ చేసిన టైటిల్ పాట 2021లో వచ్చింది. రామ్ మిరియాల గొంతు కూడా ఉన్న ఆ పాట మొదట్లో వినిపించే కిన్నెర దర్శనం మొగిలయ్యది, అక్కడి గొంతూ ఆయనదే. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన తుర్కయంజాల్ దగ్గర కట్టడం పనిలో కూలీగా ఉన్నారని వార్తలొచ్చాయి. తుర్కయంజాల్ ఎక్కడో లేదు, వనస్థలిపురం దాటి సాగర్ రోడ్డెక్కితే వస్తుంది. వాద్యం పట్టుకున్నవాడి పేరు మనం నిలబెట్టుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించదు.

మన తూర్పు హైదరాబాద్‌లో ఈ అలవాటు మరింత గట్టిపడడానికి ఇంకో కారణం ఉంది. బ్యాండ్లు వాయించే చోట్లు దాదాపు అన్నీ జూబ్లీహిల్స్, హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపే. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, తిరుగు ప్రయాణంలో చివరి రైలు దొరుకుతుందో లేదో చూసుకుంటూ వెళ్లాలి. టికెట్, తిండి ఖర్చు వేరే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే కుర్రాడికి అది అయ్యే పని కాదు. అతనికి బ్యాండ్ అంటే ఇయర్‌ఫోన్‌లో వినిపించే గొంతే. వనస్థలిపురం ఫంక్షన్ హాళ్లలో, వినాయక నిమజ్జనం ఊరేగింపుల్లో రామ్ పాటలకు చిందులేసే పిల్లల్లో చౌరస్తా పేరు వినని వాళ్లు ఎందరో. ఎదురుగా చూస్తే ఈ భ్రమ ఒక్క సాయంత్రంలో తొలగిపోతుంది. గాయకుడు ఊపిరి పీల్చుకునే వ్యవధిలో గిటార్ ఏం చేస్తోందో, బేస్ ఎక్కడ బరువు మోస్తోందో కళ్లకు కనిపిస్తుంది. ఫోన్‌లో అవన్నీ కలిసిపోయి గొంతు వెనక చేరిపోతాయి.

రామ్ ఒట్టి గాయకుడు కాదు, రాస్తారు, బాణీ కడతారు, ఆయన వెళ్లాక మిగిలినది వేరే బ్యాండ్ అవుతుంది కదా అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజముంది. ఆయనకున్న శక్తి ఏమిటో తర్వాతి పాటలే చెప్పాయి. 2021లో ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట పాడారు. బాణీ రథన్‌ది, మాట రామజోగయ్య శాస్త్రిది. 2022లో వచ్చిన ‘డీజే టిల్లు’ టైటిల్ పాటకు బాణీ కట్టి పాడింది ఆయనే, మాట కాసర్ల శ్యామ్‌ది. రెండింట్లో ఉన్నది ఒకే గొంతు. అయినా ఒకటి కాలేజీ పిల్లాడి తొలి ప్రేమలా ఉంటుంది, రెండోది పాతబస్తీ బరాత్‌లా ఉంటుంది, చౌరస్తాలో ఆయన పాడినవి ఆ రెండింటిలానూ ఉండవు. గొంతే బ్యాండ్ అయితే రామ్ ఎక్కడ పాడినా చౌరస్తా వినిపించాలి. వినిపించడం లేదంటే, మనం ఇష్టపడినది ఆయనా మిగతావాళ్లూ కలిసినప్పుడు పుట్టినదన్నమాట. అందులో ఒక భాగం ఆయనతో వెళ్లింది, ఒక భాగం అక్కడే ఉంది. మారిలియన్ బ్యాండ్ కథ ఇలాంటిదే. 1988లో వెళ్లిపోయిన గాయకుడు ఫిష్ ఆ బ్యాండ్ పాటల మాటలన్నీ రాసినవాడు. స్టీవ్ హోగార్త్ గొంతుతో 1989లో కొత్త ఆల్బమ్ వచ్చింది. ఆ కొత్త బ్యాండ్‌ను కొందరు వదిలేశారు, కొందరు పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్లే 1997లో తమంతట తాము 60,000 డాలర్లు పోగుచేసి బ్యాండ్‌ను అమెరికా రప్పించుకున్నారు. 2001 ఆల్బమ్‌కు 12,000 మందికి పైగా ముందే డబ్బు కట్టారు. పాత గొంతు కోసం ఏడుస్తూ కూర్చున్నవాళ్లకు ఆ సంగీతం దక్కలేదు.

ఇక రెండో పక్షం అనే ద్రోహం మాట. తెలుగులో సొంత పాటలతో బ్యాండ్ నడిపి ఇల్లు గడుపుకోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. క్యాసెట్లు, సీడీలు అమ్ముడయ్యే కాలం పోయింది. ప్రైవేటు కచేరీలు, కార్పొరేట్ ఈవెంట్లు దొరికితే దొరుకుతాయి. సినిమాలో ఒక పాట ఇచ్చే పేరు బ్యాండ్‌లో పదేళ్లు ఇవ్వదు. అలాంటి చోట సినిమాకు వెళ్లినవాడిని దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఇంకో సంగతి కూడా ఉంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో విడదీయరాని వాటా ఇచ్చింది. కళాకారుడంటే ఎవరో చెప్పే చోట ఆ చట్టం అంతకు ముందునుంచే గాయకుడితో పాటు వాద్యకారుణ్ణి కూడా చేర్చింది. చట్టం ఆ మాత్రం గుర్తించినా శ్రోత గుర్తించడం లేదు. మన ప్రేమంతా గాయకుడి మీదే కుమ్మరిస్తే, మిగతావాళ్లకు బ్యాండ్‌లో ఉండడానికి కారణం ఏముంటుంది? అతణ్ణి సినిమా వైపు నెట్టేదీ, వాళ్లను మరుగున పడేసేదీ ఆ ఒక్క అలవాటే.

పాత పాటలు ఎవరు పాడాలన్నది మాత్రం నిజంగా చిక్కు ప్రశ్న. పింక్ ఫ్లాయిడ్‌ను 1985లో విడిచిన రోజర్ వాటర్స్ ఆ పేరు మిగిలినవాళ్లు వాడకూడదని కోర్టుకెక్కాడు. 1987 చివర్లో రాజీ కుదిరే దాకా అభిమానులు కూడా ఆ రొచ్చులో కొట్టుకున్నారు. ఫ్రెడ్డీ మెర్క్యురీ 1991లో పోయాక క్వీన్ సభ్యులు ఇంకో దారి పట్టారు. ఆడమ్ లాంబర్ట్‌తో వేదికెక్కేటప్పుడు బ్యాండ్ పేరు పక్కన కూడిక గుర్తు వేసి అతని పేరు చేర్చారు. ఈ గొంతు ఎవరిదో దాచలేదు. మన దేశంలో ఇండియన్ ఓషన్‌ది మరీ బరువైన పరీక్ష. 2009 డిసెంబరులో అషీమ్ చక్రవర్తి మరణంతో వాళ్లు గొంతునూ తబలానూ ఒకేసారి పోగొట్టుకున్నారు. ఆయన ఉన్నప్పుడు రికార్డు చేసినవాటిని 2010లో ఆయన గొంతుతోనే విడుదల చేశారు. తర్వాత 2014లో ‘తందను’ వచ్చింది. పాతవి పాడతారు, కొత్తవి కడతారు. చౌరస్తా పాత పాటలు పాడితే తప్పేమీ లేదు, వాటి పక్కన కట్టినవాళ్ల పేర్లుంటే చాలు. కొత్త గాయకుణ్ణి పాత పాటలతో తూచడం మాత్రం అన్యాయం. అతని కోసం కట్టిన పాట ఒకటైనా విన్నాకే తీర్పు చెప్పాలి.

ఈ అలవాటు మార్చుకోవడానికి పెద్ద డబ్బేమీ అక్కర్లేదు. తూర్పు వైపు బ్యాండ్ వాయించే చోటు కావాలి. ఉప్పల్ శిల్పారామం ఉంది, సరూర్‌నగర్ స్టేడియం ఉంది, వనస్థలిపురంలో మైదానాలున్నాయి. నెలకొక సాయంత్రం విద్యార్థి భరించగల టికెట్‌తో సొంత పాటలు కట్టే తెలుగు బ్యాండ్లను పిలవడం సాంస్కృతిక శాఖకు చిన్న పని. పిలిచేవాళ్లను కోరేది ఒక్కటే. పోస్టర్ మీద గాయకుడి ఫొటో ఒక్కటే వేసి ఊరుకోకుండా, డ్రమ్స్ ఎవరివి, బేస్ ఎవరిది, బాణీ ఎవరు కట్టారు, మాట ఎవరు రాశారు అన్నీ ఒకే సైజు అక్షరాల్లో వేయించాలి. బ్యాండ్లు కూడా తమ పాట బయటికి వదిలిన ప్రతిసారీ అదే పని చేయాలి, ఎవరో వెళ్లిపోయే రోజు రాకముందే.