తేదీ లేని విమానం

మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు మా యింటికి వచ్చినప్పుడు వాని పెట్టెలో పుస్తకాలకంటె జిగురు సీసాలు, రంగు డబ్బీలు ఎక్కువగా ఉంటవి. ప్లాస్టిక్ ముక్కలను అతికించి యుద్ధవిమానాల నమూనాలు చేయడం వానికి వ్యసనం. అది చిన్నపిల్లల ఆట అనుకొని చాలాకాలం నేను పట్టించుకోలేదు. ఈ వేసవిలో దగ్గర కూర్చుండి ఆ పనిని చూచిన తరువాత నా అభిప్రాయం మార్చుకోవలసి వచ్చినది. అయితే పని పూర్తి కాకముందే మా యింట ఒక వివాదం లేచినది. అది మా గడప దాటి పదిమందీ ఆలోచింపదగినదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వాడు చేయబూనినది కిట్టీహాక్ అనే యుద్ధవిమానం. అమెరికాలో కర్టిస్ సంస్థ నిర్మించిన పి-40 జాతికి చెందినది. ఈ జాతి విమానాల నమూనా చేసేవారు చాలామంది దాని ముక్కుమీద సొరచేప నోరు చిత్రిస్తారు. మావానికి పదుగురూ నడిచిన బాట రుచించదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత డచ్చివారు తమ తూర్పు ఇండియా దీవులలో, అనగా నేటి ఇండోనేషియాలో, నడిపిన కిట్టీహాక్‌ను చేస్తానన్నాడు. “మామయ్యా, దీన్ని మా కాలేజీ ప్రదర్శనలో ఇంతవరకు ఎవరూ పెట్టలేదు” అని ఉత్సాహపడినాడు.

నమూనా కొలత అసలులో 72వ వంతు. అసలు విమానపు రెక్కల కొసనుండి కొసకు 37 అడుగుల 4 అంగుళాలు. నమూనాలో అది పదహారు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. అరచేతిలో ఇమిడే వస్తువు. దానిలో తప్పొప్పులేమిటని నేననుకొన్నాను. మూడవనాడు వాడు తల పట్టుకొని కూర్చున్నాడు. పెట్టెమీద అచ్చువేసిన పేరు ఒక రకానిది, లోపలి ముక్కలు వేరొక రకానివి. పి-40లో మొదటి రకాల తోక పొట్టి. ఇంజను బలం పెరిగినకొద్దీ విమానం పక్కకు లాగడంవల్ల తరువాతి రకాలలో తోకభాగాన్ని దాదాపు ఇరవై అంగుళాలు పొడిగించినారు. డచ్చివారివి పొడుగుతోక విమానాలు. ఇరవై అంగుళాలంటే నమూనాలో ఏడు మిల్లీమీటర్లు. ఆ ఏడు మిల్లీమీటర్ల కోసం వాడు విమానాన్ని నడిమికి కోసి, మధ్య ప్లాస్టిక్ పలకలు పేర్చి, లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో మూడు దినాలు రుద్దినాడు. “ఎవరు చూస్తారురా?” అన్నాను. “నేను చూస్తాను గదా” అన్నాడు.

ఆ మాటతో వాడు నాకు స్వజాతివాడని తెలిసినది. మా వృత్తిలో కూడ ఇదే బాధ. తాళపత్ర ప్రతిలో ఒక అక్షరం ఎగిరిపోయి గణం తప్పితే పరిష్కర్తకు నిద్ర పట్టదు. నాలుగు ప్రతులు ముందు వేసుకొని, ఏది కవి వ్రాసినది, ఏది లేఖకుడు జారవిడిచినది అని తేల్చుకొనేవరకు ముందుకు సాగలేడు. మావాని బల్లమీద పెట్టె ఒక ప్రతి, పాత ఛాయాచిత్రాలు వేరు ప్రతులు, కొలతల పుస్తకాలు మరికొన్ని. ముద్రిత ప్రతిని గుడ్డిగా నమ్మకపోవడం ఇద్దరికీ ఒక్కటే. ఇందుకే ఇది ఆట కాదు, ఒక విధమైన పరిష్కరణమే అని ఇప్పుడు అంటున్నాను.

తరువాత రంగుల ఘట్టం. పైభాగానికి ఆలివు వన్నె, అడుగున బూడిద వన్నె. అంతవరకు చిక్కు లేదు. చిక్కు వచ్చినది రాజ్యచిహ్నం దగ్గర. యుద్ధకాలంలో ఆ దీవుల డచ్చి విమానాలమీద ఎరుపు, తెలుపు, నీలం పట్టెల దీర్ఘచతురస్రపు జెండా ఉండేది. యుద్ధానంతరం డచ్చి విమానాలకు గుండ్రని చిహ్నం మళ్ళీ వచ్చినది. దాని చుట్టూ ఆ మూడు రంగులు, నడుమ రాజవంశానికి గుర్తుగా నారింజ రంగు బొట్టు. జెండా వేయాలా, చక్రం వేయాలా? “ముందు తేదీ నిర్ణయించుకో” అన్నాను. పరిష్కర్త మొదట అడిగే ప్రశ్న అదే. వాడు కొంత ఆలోచించి, “1947 జూలై” అన్నాడు.

ఆ సమయానికి నా మిత్రుడొకరు మా వసారాలో కూర్చుండి కాఫీ త్రాగుతున్నారు. చరిత్ర బోధించి పదవీవిరమణ చేసినవారు. ఆ తేదీ చెవిని పడగానే కప్పు కింద పెట్టినారు. “1947 జూలైలో ఈ విమానం ఏమి చేసినదో నీకు తెలుసునా, బాబూ?” అని అడిగి, తామే చెప్పినారు.

ఇండోనేషియా 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నది. డచ్చివారు దానిని అంగీకరింపక, 1947 జూలై 21న జావా, సుమత్రాలమీద సైన్యాన్ని నడిపినారు. జూలై 29 ఉదయం ఇండోనేషియా యువ వైమానికులు జపానువారు విడిచిపోయిన పాత విమానాలతో సెమరాంగ్ మొదలైన డచ్చి స్థావరాలమీద బాంబులు వేసినారు. ఆ సాయంకాలమే సింగపూరునుండి వస్తున్న డకోటా విమానమొకటి యోగ్యకర్త దగ్గర దిగబోతుండగా రెండు డచ్చి కిట్టీహాక్‌లు దానిని కూల్చినవి. అందులో ఉన్నవి మలయా రెడ్‌క్రాస్ పంపిన మందులు. దాని గుర్తు వీటీ-సీఎల్‌ఏ. వీటీ అనగా భారతదేశపు విమానం. బిజూ పట్నాయక్ సమకూర్చినది. తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది మరణించినారు. వారిలో ఇండోనేషియా వైమానికదళాన్ని నిర్మించిన అదిసుచిప్తో, వైద్యుడైన అబ్దుల్‌రహమాన్ సాలే, అదిసుమార్మో ఉన్నారు. ఆ ముగ్గురి పేర్లూ తరువాత ఆ దేశంలో మూడు విమానాశ్రయాలకు పెట్టినారు. మరణించినవారిలో ఒక భారతీయుడు కూడ ఉన్నాడు. మరునాడే, జూలై 30న, భారతదేశం, ఆస్ట్రేలియా ఈ యుద్ధాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ముందుకు తీసికొనిపోయినవి.

ఇంత చెప్పి మా మిత్రుడు, “ఇటువంటి దానిని మన యింటి అలమరలో పెట్టడమేమిటి? పారవేయి” అన్నారు. మావాడు నొచ్చుకొన్నాడు. “నేను చేస్తున్నది విమానాన్ని, రాజకీయాన్ని కాదు. తోక సరిపోయిందా, రంగు సరిపోయిందా, అంతవరకే నా పని” అన్నాడు. ఇద్దరూ తీర్పు కోసం నావైపు చూచినారు. నాకు ఇద్దరి మాటా సమ్మతం కాలేదు.

ముందు మిత్రునికి చెప్పిన సమాధానం. పారవేస్తే చరిత్ర మారదు. తెలిసికొనే అవకాశం ఒకటి పోతుంది. పైగా ఆ దీవుల కథలో మన చేతులు కూడ పరిశుద్ధాలు కావు. 1945 అక్టోబరు, నవంబరులలో సురబాయాలో ఇండోనేషియనులతో పోరాడిన బ్రిటిషు సైన్యంలో ముందు నిలిచినవి భారతీయ దళాలే. ఆజ్ఞ ఇంగ్లీషువారిది కావచ్చు. తుపాకి పట్టిన చేయి మనది. ఇంకొక సంగతి. ఈ కిట్టీహాక్‌లనే 1944లో డచ్చి, ఆస్ట్రేలియా వైమానికుల ఉమ్మడి దళం న్యూగినీలో జపాను ఆక్రమణదారులమీద నడిపినది. అదే లోహం, అదే ఇంజను. 1944లో ఆక్రమణను ఎదిరించిన రెక్కలు 1947లో ఆక్రమణకు పనిచేసినవి. తప్పు రేకుది కాదు, రంగుది కాదు.

కాబట్టే మేనల్లునికి చెప్పవలసినది మరింత గట్టిది. ఏడు మిల్లీమీటర్ల అసత్యాన్ని సహించలేనివాడు ఎనిమిదిమంది మరణాన్ని తన పనికి సంబంధించనిదని ఎట్లా అనగలడు? తోక పొడవు సత్యమైతే ఆ సాయంకాలమూ సత్యమే. నమూనా చేసేవాడు “విమానం” అనే సామాన్య పదార్థాన్ని చేయడం లేదు. ఒక దేశపు చిహ్నంతో, ఒక నెలలో, ఒక ఆకాశంలో ఎగిరిన విమానాన్ని చేస్తున్నాడు. ఏ చిహ్నం వేయాలో తెలియడానికి తేదీ కావాలి. ఆ తేదీని రంగుల కోసం మాత్రం తీసికొని, తక్కినది వదలివేయడం, పద్యంలో యతి చూచి అర్థం చూడకపోవడం వంటిది. తేదీ వ్రాయని నమూనా అందంగా ఉండవచ్చు. అది చెప్పేది మాత్రం సగం సత్యమే.

ఇక్కడ మాటల సంగతి కూడ చెప్పకుండలేను. మాటలే నా వృత్తి. 1947 నాటి యుద్ధాన్ని డచ్చివారు యుద్ధమనలేదు, “పోలీసు చర్య” అన్నారు. ఆ మాట మనకు 1948 సెప్టెంబరునాటి హైదరాబాదు సందర్భంలో చిరపరిచితం. ఆ రెండు ఘటనలూ ఒకటి కావు. వాటిని త్రాసులో వేయడం నా ఉద్దేశం కాదు. సైన్యం నడిచినప్పుడు ప్రభుత్వాలు ఎంచుకొనే పేరు ఏదో ఒకదానిని మరుగుపరుస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి. పెట్టెమీది పేరును నమ్మక కొలత చూచినవాడు, చరిత్రమీద అతికించిన పేరును కూడ ఒకసారి కొలిచి చూడవలెను.

డచ్చివారు సైతం ఈనాడు ఆ కొలత వేసికొంటున్నారు. 2020 మార్చిలో వారి రాజు విలియం అలెగ్జాండర్ ఇండోనేషియాకు వెళ్ళి, ఆనాటి తమవారి అతిక్రూరత్వానికి క్షమాపణ చెప్పినాడు. 1945 నుండి 1950 వరకు జరిగిన హింసపై వారి పరిశోధన సంస్థలు సాగించిన విచారణ ఫలితాలు 2022 ఫిబ్రవరిలో వెలువడినవి. డచ్చి సైన్యం మితిమీరిన హింసను విస్తృతంగా, ఒక పద్ధతిగా ప్రయోగించినదని అవి తేల్చినవి. ఆనాడు ప్రధానమంత్రిగా ఉన్న మార్క్ రుట్టె వెంటనే క్షమాపణ కోరినాడు. ఆ విమానాన్ని నడిపిన జాతి ఇంత చెప్పుకోగలిగినప్పుడు, దాని బొమ్మ చేసే మన పిల్లవానికి ఒక్క వాక్యం వ్రాయడం బరువా?

నేను కోరినది అంతే. నమూనా నిలిపే చెక్కమీద ఒక చీటీ: కిట్టీహాక్, జావా, జూలై 1947, ఆ నెల 29న ఈ జాతి డచ్చి విమానాలు మందులతో వస్తున్న భారతీయ డకోటాను కూల్చగా ఎనిమిదిమంది మరణించినారు. నింద లేదు, నినాదం లేదు. “అది చదివితే న్యాయనిర్ణేతలు పనితనం చూడరు, మామయ్యా” అన్నాడు వాడు. ఆ భయం నిష్కారణమైనది కాదు. బహుమతి పోవచ్చు.

సెలవులు ముగిసి వెళ్ళిన పోయినవారం విమానాన్ని తీసికొనిపోయినాడు. చీటీ వ్రాసినాడు, ముత్యాలవంటి అక్షరాలతో. అయితే దానిని చెక్కకు అడుగున అతికించినాడు. ఎత్తి తిప్పి చూచినవారికే కనబడుతుంది. అది చాలదని నా అభిప్రాయం, వానికీ చెప్పినాను. ప్రదర్శన వచ్చే నెలలో. ఆలోచిస్తానన్నాడు.