మూడో తరగతి దాటకముందే పరీక్ష చేయించండి

తుమ్మలపెంట నుంచి కృష్ణపట్నం దాకా నెల్లూరు తీరంలో చాలామంది పిల్లలకు చదువు ఏడెనిమిదేళ్లకే చేజారిపోతోంది. బడి మానేసేది ఆరులోనో తొమ్మిదిలోనో కావచ్చు. కానీ అక్షరం మీద ఆశ పోయేది మూడో తరగతిలోనే. పక్క పిల్లలు పాఠం చదివేస్తుంటే తాను ఇంకా గుణింతం దగ్గరే ఆగిపోయిన పిల్లవాడికి 'మొద్దు' అన్న పేరు పడేది అప్పుడే. కారణమేమిటని పరీక్షించకుండానే ఆ పేరు పెట్టేస్తున్నాం. తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, అధికారులను మేం హెచ్చరిస్తున్నది ఈ ప్రమాదం గురించే.

మైపాడులోనో ఇసకపల్లిలోనో మూడో తరగతి పిల్లవాణ్ణి ఊహించుకోండి. వలలో పడిన చేపల పేర్లు తడుముకోకుండా చెబుతాడు. ఒడ్డున చేపల వేలంపాట సాగేటప్పుడు లెక్క నోటితోనే తేలుస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం వత్తులు ఎగిరిపోతాయి, దీర్ఘాలు పొట్టివవుతాయి, బోర్డు మీది వాక్యం నోటుపుస్తకంలోకి వచ్చేసరికి సగమవుతుంది. ఇందుకు చూపు మందగించడం కారణం కావచ్చు, చెవి సరిగా వినపడకపోవడం కావచ్చు. బుద్ధి ఎదుగుదలలో ఆలస్యం కావచ్చు, తెలివి చక్కగా ఉన్నా చదవడం, రాయడం, లెక్కలు మాత్రమే పట్టుబడని అభ్యసన వైకల్యం కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో సాయం కావాలి. ఏది ఏదో తేల్చేది పరీక్షే. బెత్తం తేల్చదు, ట్యూషనూ తేల్చదు.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం ఒకటి. దాన్ని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన అందించాలని చట్టంలోని 16వ సెక్షన్ విద్యాసంస్థలను ఆదేశిస్తోంది. బడి పిల్లలపై ఐదేళ్లకోసారి సర్వే జరపాలని 17వ సెక్షన్ అంటోంది. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్లకు గానీ, ఏది ముందైతే అప్పుడు, టీచర్లు పిల్లలను ప్రాథమికంగా పరీక్షించి చూడాలి. సర్కారుదైనా ప్రైవేటుదైనా ప్రతి బడిలో ప్రధానోపాధ్యాయుడి ఆధ్వర్యంలో ఇందుకోసం ఒక కమిటీ ఉండాలి. మీ పిల్లల బడిలో ఆ కమిటీ ఉందేమో రేపే వెళ్లి అడగండి.

పరీక్ష పద్ధతి కూడా తెలుసుకోవాలి. ముందుగా పిల్లల వైద్యుడు చూపు, వినికిడి, ఆరోగ్యం చూస్తాడు. తర్వాత క్లినికల్ సైకాలజిస్టు గానీ రీహాబిలిటేషన్ సైకాలజిస్టు గానీ తెలివితేటలను కొలుస్తారు. ఆపైన బెంగళూరు నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షలతో చదవడం, రాయడం, లెక్కలు చూస్తారు. ఇందుకు మద్రాసుకో హైదరాబాదుకో పోనక్కర్లేదు. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ కింద పనిచేసే ప్రాంతీయ కేంద్రం, సీఆర్‌సీ, నెల్లూరులోనే ఉంది. సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలు, వాటిలోని ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. బడి పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. ఏర్పాట్లు ఉన్నా బిడ్డ అక్కడికి చేరడం లేదు. పాలెం బడికీ నెల్లూరుకూ మధ్య చీటీ రాసి పంపే మనిషి లేకపోవడమే అసలు లోటు.

ఇంకో పక్క నుంచీ పొరపాటు జరగవచ్చు, జాగ్రత్త. రొయ్యల గుంటల కాపలాకు తల్లిదండ్రులతో వెళ్లి నెలల తరబడి బడికి రాని యానాది తెగ బిడ్డ చదవలేకపోతే, అది బడి దూరమైనందువల్ల వచ్చిన వెనుకబాటు కావచ్చు. ఇంట్లో మాట్లాడని ఇంగ్లీషులో పరీక్ష పెట్టి బిడ్డకు వైకల్యం అంటగట్టకూడదు. పరీక్షకు ముందు హాజరు పట్టీ చూడాలి. ప్రశ్నలు బిడ్డకు వచ్చిన భాషలో అడగాలి.

తల్లిదండ్రుల ఆందోళనను సొమ్ము చేసుకునేవాళ్లూ బయల్దేరారు. వేలిముద్రలు చూసి మెదడు రహస్యం చెబుతామనే పరీక్షకు, కళ్లకు గంతలు కట్టి చదివిస్తామనే 'మిడ్‌బ్రెయిన్' శిక్షణకు శాస్త్రీయ ఆధారం లేదు. వాటికి ఒక్క రూపాయి కూడా కట్టకండి. నివేదిక ఇచ్చే నిపుణులు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైనవారో కాదో అడగండి. అడగడం మీ హక్కు.

మనకు అదను కూడా ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. పెద్దలు ఒడ్డున ఉండే రోజులవి. వేసవి సెలవులకు బడి మూసేలోపే ప్రతి ప్రధానోపాధ్యాయుడు రెండు, మూడు తరగతుల్లో వెనకబడిన పిల్లల జాబితా రాసి, తల్లిదండ్రుల చేతికి సిఫారసు చీటీ ఇవ్వాలి. మే నెలలో పరీక్షలు పూర్తయితే, బడులు తెరిచే జూన్ 12 నాటికి ఏ బిడ్డకు ఏం కావాలో టీచరుకు తెలుస్తుంది. వైకల్యం తేలినవారికి దాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం ఇప్పించాలి. పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి సడలింపులకు అదే ఆధారం.

బడిలో నిపుణుడు ఉండాలన్న మాటకు కోర్టు బలం కూడా ఉంది. విశాఖలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో ప్రాణాలు కోల్పోయిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సామాజిక కార్యకర్త గానీ ఉండాలని, అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని ఆదేశించింది. ఆంధ్రలో చదువుకుంటున్న ఒక బిడ్డ మరణం వల్ల దేశానికంతటికీ వచ్చిన ఆదేశం ఆంధ్ర తీరంలోనే కాగితంగా మిగిలిపోకూడదు.

కలెక్టరు గారికి, జిల్లా విద్యాశాఖాధికారికి మా విన్నపం ఇది. తీర మండలాలకు నెలకోసారి సీఆర్‌సీ నిపుణులను పంపించండి. ప్రతి బడిలో కమిటీ వేయించి, దాని సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టించండి. అయ్యవార్లారా, బిడ్డను మొద్దు అనకముందు చీటీ రాయండి. అమ్మలారా, అయ్యలారా, ఆ చీటీ అడిగి తీసుకుని ఈ వేసవిలోనే బిడ్డను పరీక్షకు తీసుకెళ్లండి.